మంగళవారానికి దాచిన మెప్పు

మురహరికి వచ్చిన చిక్కు ఒకటే. ఒక మనిషి గురించి మంచి మాట రాసి పెట్టుకున్నాడు. దాన్ని ఎప్పుడు బయటపెట్టాలో చూసుకుంటున్నాడు.

చూసుకోవడం కూడా అయిపోయింది. మంగళవారం పొద్దున పదింటికని తేల్చేశాడు. ఆ రోజింకా శుక్రవారం. అదీ చిక్కు.

అతను విజయవాడలో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తాడు. మందుల షాపుల వాళ్ళకు బిల్లులు కొట్టే సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ అది. ఉద్యోగస్తులంతా చేరి తమ పనుల గురించి చెప్పుకునే లింక్డ్‌ఇన్‌లో కంపెనీ తరఫున పోస్టులు రాయడం మురహరి పని. తన పేరు మీద కూడా రాసుకుంటాడు. అక్కడ అతనికి ఫాలోవర్లు బాగానే ఉన్నారు.

ఏ వేళకు పోస్టు పెడితే ఎంతమంది చూస్తారో అతనికి కొట్టిన పిండి. సోమవారం జనం చిరాగ్గా ఉంటారు. శుక్రవారం మధ్యాహ్నానికే వాళ్ళ మనసు ఇంటిదారి పడుతుంది. ఇక శని, ఆదివారాల్లో అటువైపు ఈగ కూడా వాలదు. మంగళవారం పొద్దున అందరూ సీట్లలో సర్దుకుని, కాఫీ తాగి, పని మొదలుపెట్టడానికి బద్ధకించి ఫోన్ తెరుస్తారు. అదీ అసలు సమయం. మొదట్లోనే నలుగురు లైకు కొడితే ఆ పోస్టు నలభై మంది ముందుకు వెళుతుంది. లేదంటే ఉన్నచోటే చతికిలబడుతుంది. ఇందులో అబద్ధం ఏమీ లేదు. మురహరి తన పని తెలిసినవాడు.

ఆ సాయంత్రం ఆఫీసు అవగానే రైలెక్కి తెనాలి వచ్చాడు. ప్రతి శుక్రవారం వస్తాడు. అక్కడ బసవపున్నయ్య మాస్టారి డాబా మీద, రేకుల షెడ్డు కింద, పద్యనాటకం నేర్చుకుంటాడు. కంప్యూటర్ ముందు కూచుని లైకులు లెక్కపెట్టుకునేవాడికి కిరీటం పెట్టుకుని పద్యం పాడాలన్న పిచ్చి ఎందుకు పట్టిందో ఇంట్లోవాళ్ళకు ఇప్పటికీ అంతుబట్టలేదు. పట్టింది, అంతే.

మాస్టారు ఒకప్పుడు రాజు వేషాలకు పేరుమోసిన నటుడు. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక నేర్పడంతో సరిపెట్టుకుంటున్నారు. తప్పు పాడితే తిట్టరు, బాగా పాడితే మెచ్చుకోరు. వక్కపలుకు బుగ్గన పెట్టుకుని వింటారు. ఆయన మెప్పుకు వేళ ఒకటే ఉంది. అది నాటకం ఆడే రోజున.

ఆ రోజు మాస్టారు ముందు వరసలో పేము కుర్చీలో కూచుంటారు. శిష్యుడు పద్యం ఎత్తుకుంటాడు, రాగం లాగుతాడు, ముగిస్తాడు. చప్పట్లు మొదలయ్యే ముందు రెప్పపాటు నిశ్శబ్దం ఉంటుందే, సరిగ్గా అప్పుడు, పద్యం ఆయన మనసుకు ఎక్కితే, కుడిచెయ్యి పైకి లేస్తుంది. "వన్స్ మోర్!" అంటారు. ఆ వెనకే హాలు హాలంతా అందుకుంటుంది. శిష్యుడు అదే పద్యాన్ని మళ్ళీ పాడతాడు. మాస్టారి శిష్యుల్లో రెండే రకాలు, వన్స్ మోర్ వచ్చినవాళ్ళు, ఇంకా రానివాళ్ళు. మురహరి ఇంకా రానివాడు. మర్నాడే అతని నాటకం.

మాస్టారే రాసుకున్న నాటకం అది. ఓడిపోయిన రాజు, తనని ఇన్నేళ్ళు మోసిన ముసలి గుర్రాన్ని అడవిలోకి విడిచిపెట్టే చోట ఒక పెద్ద పద్యం ఉంది. మురహరి దాన్ని ఎత్తుకోబోతుండగా ఫోన్ మోగింది.

"ఇందుమతి గారు," అన్నాడు తెర చూసి. "ఒక్క నిమిషం మాస్టారూ."

ఇందుమతి నిన్నటిదాకా మురహరి పక్క సీటు. షాపుల వాళ్ళు ఫోన్ చేస్తే సందేహాలు తీర్చడం ఆమె పని. ఇక ఆ ఫోన్లు మిషనే ఎత్తుతుందని చెప్పి కంపెనీ ఆమెను పంపించేసింది.

ఫోన్ స్పీకర్ పాడై మురహరి ఎవరితో మాట్లాడినా పక్కవాళ్ళకు వినపడుతుంది.

"నా గురించి రెండు మాటలు రాస్తానన్నావు కదా మురహరీ. పెట్టావేమోనని పొద్దుట్నుంచీ చూస్తున్నా."

"రాసేశానండి. చాలా బాగా వచ్చింది. మంగళవారం పెడతాను."

"మంగళవారమా?" అంది ఇందుమతి. "నన్ను రాత్రి డ్యూటీకి రమ్మంటున్నారొక చోట. ఎవరో కొనుక్కుని బాకీ పడితే ఫోన్ చేసి గదమాయించాలిట. సోమవారం పొద్దునకల్లా చెప్పమన్నారు. నాకిష్టం లేదు. కానీ ఇన్నేళ్ళు పనిచేస్తే, వెళ్ళేటప్పుడు ఒక్కళ్ళూ ఒక్క మాట అనలేదు. నాకసలు పని వచ్చా అనిపిస్తోంది. ఎవరైనా అంటే, ఇంకొన్నాళ్ళు ఆగి వెతుక్కునే ధైర్యం వస్తుందేమోనని."

"అందుకేనండీ చెప్పేది. ఇప్పుడు పెడితే పట్టుమని పదిమంది చూడరు. మంగళవారం దాకా ఓపిక పట్టండి, వెయ్యిమంది చూస్తారు."

"సరేలే," అంది ఆమె. "నీకు తెలుసుగా ఆ సంగతులు."

ఇందుమతికి మంచి జరగాలని మురహరికి నిజంగానే ఉంది. ఆ పోస్టుకు ఇదివరకెప్పుడూ రానన్ని లైకులు రావాలని కూడా ఉంది. ఈ రెండు కోరికలూ వేరు వేరని అతనికి తోచలేదు.

మాస్టారు వక్కపలుకు ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చారు.

"ఏందయ్యా ఆ మంగళవారం గొడవ?"

మురహరి హుషారుగా చెప్పాడు. సోమవారం చిరాకు, శుక్రవారం పరధ్యానం, మంగళవారం కాఫీ, మొదటి లైకులు, అన్నీ చెప్పాడు. మాస్టారు శ్రద్ధగా విన్నారు. పద్యం కూడా అంత శ్రద్ధగా విన్నట్టు లేదు.

"అయితే శనాదివారాలు మూఢం అన్నమాట."

హార్మోనియం ముందు కూచున్న ఖాదర్‌వలీ కిసుక్కున నవ్వాడు. ఆయన మాస్టారి పక్కన హార్మోనియం వాయిస్తూనే ముసలాడైనవాడు.

"మూఢమే అనుకోండి మాస్టారూ," అన్నాడు మురహరి తనూ నవ్వి.

"ఎంత మంచి మాటైనా జనం నిండుగా ఉన్నప్పుడే అనాలంటావు."

"అవును మాస్టారూ. లేకపోతే వృథా."

"బాగుంది. ఈ విద్య నాకు తెలియకుండా పోయింది ఇన్నాళ్ళూ." మాస్టారు ఖాదర్‌వలీ వైపు తిరిగారు. "శ్రుతి పట్టవయ్యా. గుర్రాన్ని పంపిద్దాం."

*

శనివారం సాయంత్రం ఆకాశం మబ్బు పట్టింది. వాన వస్తుందేమోనని చాలామంది నాటకానికి రాలేదు. హాల్లో సగం కుర్చీలు ఖాళీ. అయినా వచ్చినవాళ్ళు పద్యం రుచి తెలిసినవాళ్ళు, కదలకుండా కూచున్నారు.

మురహరి గుర్రం పద్యం ఎత్తుకున్నాడు. గుర్రం స్టేజీ మీద ఉండదు, పక్క తెర వెనక ఉన్నట్టు చూస్తూ పాడాలి. ఆ రోజు ఏమైందో ఏమో, అతనికి నిజంగానే గుర్రం కనపడింది. దాని మెడ మీద నెరిసిన జూలు కనపడింది. గొంతు తానే దారి వెతుక్కుంటూ పోయింది. రాగం ఎక్కడ ఆపాలో ఎవరూ చెప్పనక్కర్లేకుండా అక్కడ ఆగింది.

రెప్పపాటు నిశ్శబ్దం.

మురహరి పేము కుర్చీ వైపు చూశాడు. మాస్టారు అతన్నే చూస్తున్నారు. కుడిచెయ్యి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని ఉంది. ఖాదర్‌వలీ శ్రుతి వదలకుండా పట్టుకున్నాడు. ఆ నిశ్శబ్దం ఇంకాస్త సాగింది. హాలంతా మాస్టారి చెయ్యి వైపే చూసింది. ఆయన అనకముందు తాము అనడం ఆ ఊళ్ళో అలవాటు లేదు.

చెయ్యి లేవలేదు.

ఎవరో చప్పట్లు కొట్టారు. మిగతావాళ్ళు కలిశారు. నాటకం ముందుకు సాగిపోయింది.

అయ్యాక మురహరి కొబ్బరినూనెతో మొహం మీద రంగు తుడుచుకుంటుంటే ఖాదర్‌వలీ వచ్చి పక్కన కూచున్నాడు.

"బాగా పాడావురా అబ్బాయ్."

"మరి మాస్టారు?"

"అదే నాకూ బోధపడలా. నా వేళ్ళు హార్మోనియం మెట్ల మీద కాచుకుని కూచున్నాయి, మళ్ళీ పాడతావని."

మాస్టారు లోపలికి వచ్చారు. "ఆలస్యమైంది, ఇక్కడే పడుకో. పొద్దున టిఫిన్ తిని వెళ్దువుగాని," అన్నారు. అంతకు మించి ఒక్క ముక్క అనలేదు.

మురహరి చాప పరుచుకుని పడుకున్నాడు. పద్యంలో ఎక్కడ తప్పాడో వెతికాడు. మొదట ఎక్కడా కనపడలేదు. వెతగ్గా వెతగ్గా అన్నిచోట్లా తప్పులే కనపడ్డాయి. నిద్రపట్టే వేళకు తనకసలు గొంతే లేదని, ఇన్నాళ్ళూ రైలు టికెట్లు దండగ చేశాడని రూఢి చేసుకున్నాడు.

*

ఆదివారం పొద్దున మాస్టారు ఇస్త్రీ లాల్చీ వేసుకుని తయారయ్యారు. ముగ్గురూ కలిసి స్టేషన్ దగ్గరి టిఫిన్ హోటల్‌కు నడిచారు. తీరా గుమ్మం దాకా వచ్చాక మాస్టారు ఆగిపోయారు. లోపలికి తొంగి చూశారు.

"అప్పుడే వద్దు. ఇంకొంచెం జనం రానీ."

"జనం వస్తే సీట్లు దొరకవు మాస్టారూ," అన్నాడు మురహరి నీరసంగా.

"దొరక్కపోతే నిలబడి తిందాం."

ఖాదర్‌వలీ ఆకలితో గొణుక్కుంటూ బయట బల్ల మీద కూచున్నాడు. ఆదివారం కదా, పిల్లల్ని వెంటేసుకుని కుటుంబాలు దిగాయి. బస్సు దిగిన పెళ్ళిబృందం ఒకటి వచ్చి పడింది. హోటల్లో కాలు పెట్టే సందు లేకుండా పోయింది. అప్పుడు మాస్టారు తృప్తిగా తల ఊపి లోపలికి నడిచారు.

ఎలాగో ఒక మూల చోటు సంపాదించారు. ఇడ్లీలు వచ్చాయి. మురహరి కారప్పొడిలో అద్ది ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడో లేదో, మాస్టారు లేచి నిలబడ్డారు. కుడిచెయ్యి పైకెత్తారు.

"వన్స్ మోర్!"

మైకులు లేని కాలంలో ఆఖరి వరస దాకా వినిపించిన గొంతు అది. హోటల్ మొత్తం ఠక్కున ఆగిపోయింది. పెళ్ళిబృందంలో ఒక పెద్దాయన చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. సర్వరు ఒకతను కంగారుపడి ఇంకో ప్లేటు ఇడ్లీ తెచ్చి వాళ్ళ ముందు పెట్టి పోయాడు.

మురహరికి పొలమారింది. మంచినీళ్ళు తాగి, కళ్ళనీళ్ళు తుడుచుకుని, "ఏంటి మాస్టారూ ఇది?" అన్నాడు.

"నిన్న నువ్వు పాడిన పద్యానికయ్యా."

"నిన్నటిదానికా? ఇప్పుడా?"

"నిన్ననే గొంతు దాకా వచ్చింది. పట్టి ఆపా. హాల్లో సగం కుర్చీలు ఖాళీ, ఏం లాభం? ఇక్కడ చూడు, ఎంతమందో! అందరి కళ్ళూ నీమీదే." మాస్టారు చేత్తో హోటలంతా చూపించారు. నిజమే, అందరూ వాళ్ళనే చూస్తున్నారు. ఒకావిడ మాత్రం తన పిల్లాణ్ణి కొంచెం దగ్గరికి లాక్కుంది. "ఏం, మళ్ళీ పాడవా?"

"నోట్లో ఇడ్లీ ఉంది మాస్టారూ!"

ఖాదర్‌వలీ పొట్ట పట్టుకుని నవ్వాడు. పక్క బల్లవాళ్ళూ నవ్వారు. మురహరికి మాత్రం నవ్వు రాలేదు. నిన్నటి నుంచి మింగుతున్నదంతా ఒక్కసారిగా పైకి వచ్చింది.

"నిన్న అక్కడ నిలబడి మీ చెయ్యి వంకే చూశాను మాస్టారూ. అది లేవకపోతే నాకింక పాడటం రాదనుకున్నాను. మళ్ళీ మీ దగ్గరికి రాకూడదని కూడా అనుకున్నాను. ఇప్పుడు వెయ్యిమంది చూస్తే మటుకు నాకేం?"

మాస్టారు నెమ్మదిగా కూచున్నారు. శిష్యుడి భుజం మీద చెయ్యి వేశారు.

"నిజమేరా నాయనా. ఆపడం నాకూ బాధే అయింది. చూడు, కుర్చీని పట్టుకుని పట్టుకుని ఈ చెయ్యి ఇంకా నొప్పెడుతోంది." ఇడ్లీ తుంచి చట్నీలో ముంచారు. "ఇంతకీ ఆ మంగళవారం అమ్మాయి ఇంకా స్టేజీ మీదే ఉందా? దిగిపోయిందా?"

మురహరి ప్లేటు పక్కకు జరిపాడు.

చెయ్యి రుమాలుకు తుడుచుకున్నాడు. ఫోన్ తీశాడు. రాసి పెట్టుకున్న పోస్టు అక్కడే ఉంది, దాని నెత్తిన మంగళవారం అని ఉంది. ఆ మంగళవారాన్ని తీసేశాడు. మళ్ళీ చదవలేదు, మెరుగులు దిద్దలేదు. పెట్టేశాడు.

"ఇవాళ మూఢం కదయ్యా?" అన్నాడు ఖాదర్‌వలీ.

మురహరి సర్వరును పిలిచి కాఫీలు చెప్పాడు. ఫోన్ బల్ల మీద పెట్టి చూస్తూ కూచున్నాడు. ఒక్క లైకూ రాలేదు. అదనంగా వచ్చిన ఇడ్లీ ప్లేటు ఖాదర్‌వలీ ఖాళీ చేశాడు. ముగ్గురికీ కాఫీలు వచ్చాయి. అయినా ఏమీ రాలేదు. చిత్రంగా, మురహరికి దాని గురించి బెంగ కలగలేదు. చూడాల్సిన మనిషి చూసిందా లేదా అన్న ఒక్క ఆరాటమే మిగిలింది.

ఫోన్ మోగింది. ఇందుమతి.

"చూశాను," అంది. "ఆ దాచేపల్లి షాపాయన సంగతి నాకే గుర్తు లేదు. నీకెలా గుర్తుంది?"

"మీ పక్క సీటు నాదే కదండీ. రోజూ వినేవాణ్ణి."

"ఆ రాత్రి ఉద్యోగానికి రానని చెప్పేస్తున్నా. వెతుక్కుంటాను. నా పని నాకు వచ్చు." చీదుకుని, కాస్త నవ్వింది. "మా అమ్మ పక్కనే ఉంది. ఎందుకేడుస్తున్నావే అని ఒకటే గోల. నువ్వేమో ఇంగ్లీషులో రాశావు. నాకు చదివి చెప్పడానికి సిగ్గుగా ఉంది. నువ్వే తెలుగులో చెప్పు ఆవిడకి. స్పీకర్ పెడుతున్నా."

హోటల్ మళ్ళీ గోలగోలగా ఉంది. వినపడాలంటే లేచి నిలబడి గొంతెత్తక తప్పలేదు. మురహరి లేచాడు.

"అమ్మా, నమస్కారమండి. మీ అమ్మాయి గురించి రాసిందేమిటంటే... దాచేపల్లిలో ఒక మందుల షాపాయన ఉన్నాడు. పెద్దాయన. కంప్యూటర్ అంటే భయం. కొన్న మర్నాడే ఫోన్ చేసి, ఇది నా వల్ల కాదు, వెనక్కి తీసుకోండి అన్నాడు. మీ అమ్మాయి ఆయన్ని ఆ బటన్ నొక్కు, ఈ బటన్ నొక్కు అనలేదు. మీ షాపులో దగ్గుమందు ఏ అరలో పెడతారండీ అని అడిగింది. పై అరలో, ఎడం చేతివైపు అన్నాడాయన. అయితే తెర మీద కూడా పైన, ఎడం చేతివైపు చూడండి అంది. జ్వరం బిళ్ళలు ఎక్కడుంటాయంది. షాపు మొత్తం అడిగింది. ఆ షాపులో ఏది ఎక్కడుంటే తెర మీద కూడా అది అక్కడ ఉండేట్టు పెట్టించింది."

పక్క బల్లవాళ్ళు తినడం ఆపి వింటున్నారు. పెళ్ళిబృందం పెద్దాయన కుర్చీ ఇటు తిప్పుకున్నాడు.

"ఆ తర్వాత ఆయన మళ్ళీ ఫోన్ చేశాడు. నేను ఎత్తాను. ఏం కావాలండీ అంటే, ఏమీ వద్దు బాబూ, మొదటి బిల్లు నేనే కొట్టాను, ఆ అమ్మాయికి చెప్పాలని చేశానన్నాడు. ఆమె పక్కన కూచోబట్టి, ఎదుటివాళ్ళు నిలబడ్డ చోటు నుంచి మాట్లాడటం అంటే ఏమిటో నేను చూశాను. ఆమెను పనిలో పెట్టుకునేవాళ్ళు అదృష్టవంతులు. అంతేనమ్మా, ఇంతే రాశాను."

మురహరి ఆగాడు. హోటల్లో ఆ మూల అంతా ఒక్క క్షణం చప్పుడు లేదు. ఫోన్లో కూడా లేదు.

కుడిచెయ్యి లేచింది.

"వన్స్ మోర్!"

పెళ్ళిబృందం పెద్దాయన అందుకున్నాడు. ఆ వెనక బల్లలు అందుకున్నాయి. ఇందాక పిల్లాణ్ణి దగ్గరికి లాక్కున్నావిడే నవ్వుతూ వాడి చెయ్యి పట్టుకుని పైకెత్తింది.

ఫోన్లోంచి ఒక ముసలి గొంతు వినపడింది.

"ఎవరు బాబూ ఆ అరిచింది?"

"మా గురువు గారమ్మా."

"మా చిన్నప్పుడు నాటకాల్లో విన్నాను ఆ మాట. ఎవరో గానీ, సరిగ్గా అనాల్సిన చోట అన్నారు." ఆవిడ కుర్చీ దగ్గరకు లాక్కున్న చప్పుడైంది. "ఊఁ, చెప్పు బాబూ. మళ్ళీ మొదట్నుంచి."

మురహరి మాస్టారి వైపు చూశాడు. ఆయన కాఫీ తాగుతున్నారు. ఖాదర్‌వలీ వేళ్ళు బల్ల అంచు మీద, లేని హార్మోనియం మెట్ల మీద సర్దుకున్నాయి.

మురహరి గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.